రీమ్యాప్ చేసిన పోలో జీటీకి ఇంజిన్ మౌంటింగులు, బుష్‌లు: ఎక్కడ గట్టివి వేయాలి, ఎక్కడ కంపెనీవే ఉంచాలి?

పెన్నా_టీఎస్‌ఐ (నెల్లూరు)

బండి పోలో జీటీ టీఎస్‌ఐ, 1.2 టర్బో పెట్రోలు, 7 గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్). కంపెనీ లెక్క 105 పీఎస్, 175 న్యూటన్ మీటర్లు. స్టేజ్ 1 రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగు మార్చి పవర్ పెంచడం) అయింది, ఎగ్జాస్ట్ ముట్టలేదు. మౌంటింగులు (ఇంజిన్‌ని బాడీకి పట్టే రబ్బరు దిమ్మలు), లోయర్ ఆర్మ్ (ముందు చక్రాన్ని కింద పట్టే చేయి) బుష్‌లు అన్నీ బండితో వచ్చినవే.

ఇప్పుడు డీ నించి ఆర్‌కి వేస్తే కింద టక్‌మంటుండాది. రెండో గేర్లో గట్టిగా తొక్కితే ముందు చక్రాలు దడదడా ఎగిరి కొట్టుకుంటుండాయి, వాన పడిన రోడ్డు మీద ఇంకా జాస్తి. హైవేలో 100 దాటాక బ్రేకు పడితే స్టీరింగు ఎడం పక్కకి లాగుతుండాది. రోజూ ఊళ్లో వాడకం, వారాంతం హైవే మీద ఒంగోలు, చెన్నై. ట్రాక్‌కి పోయేది లేదు.

పాలీయూరథేన్ (రబ్బరు బదులు వేసే గట్టి పదార్థం, పాలీ అంటారు) సెట్టు మొత్తం తెప్పించి ఒకేసారి వేసేదా, ఒక్కొక్కటే మార్చేదా? ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర నిలబడితే సీటు వణకడం మాత్రం ఇంట్లో వాళ్లు ఒప్పుకోరు.

గుండ్లకమ్మ_టార్క్ (ఒంగోలు)

మొత్తం సెట్టు వద్దు తమ్ముడూ. నీ బండిలో ఉన్నవి మూడు మౌంటింగులు, మూడింటి పనీ ఒకటి కాదు. టైమింగ్ వైపు (గేర్‌బాక్స్‌కి ఎదురు కొసన) పైన ఉన్నదీ, గేర్‌బాక్స్ మీద ఉన్నదీ బరువు మోసేవి. ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ కలిసి ఆ రెండింటికీ ఉయ్యాల మాదిరి వేలాడుతుంటాయి. కింద సబ్‌ఫ్రేమ్‌కి (బాడీ కింద ఉండే ఇనప చట్రానికి) ఉన్న టార్క్ ఆర్మ్, షాపుల్లో డాగ్ బోన్ అంటారే అది, బరువు మోయదు. ఇంజిన్ ముందుకీ వెనక్కీ ఊగకుండా పట్టుకోవడమే దాని పని. నువ్వు చెప్పిన టక్ శబ్దం, చక్రాల ఎగురుడు రెండూ ముందు దాన్నే అనుమానించమంటాయి.

దాని మీద ఎంత పడుతుందో ఒక్కసారి లెక్క కట్టి చూడు. అడ్డంగా కూర్చున్న ఇంజిన్‌కి డిఫరెన్షియల్ కూడా గేర్‌బాక్స్ పెట్టెలోనే ఉంటుంది. అందుకని చక్రాలకి పోయే టార్క్ అంతటికీ ఎదురుదెబ్బ ఈ మౌంటింగుల మీదే పడుతుంది, ఇంజిన్ ఇచ్చే 175కి మాత్రమే కాదు. మొదటి గేరు, ఫైనల్ డ్రైవ్ కలిపి రేషియో 16 అనుకో. 175 × 16 = 2,800 న్యూటన్ మీటర్లు. పై మౌంటింగుల గీతకీ టార్క్ ఆర్మ్‌కీ మధ్య ఎత్తు 40 సెంటీమీటర్లు అనుకుంటే ఆర్మ్ మీద లాగుడు 7,000 న్యూటన్లు, అంటే 700 కిలోలకి పైమాటే. అదంతా పట్టుకునేది గుప్పెడు రబ్బరు. వెనక చక్రాలకి పవర్ పోయే బండిలో ఇంజిన్ బండి పొడవునా ఉండి డిఫరెన్షియల్ వేరే మౌంటింగుల మీద కూర్చుంటుంది గనక అక్కడ ఇంజిన్ మౌంటింగులకి ఇంత కష్టం లేదు. బయటి దేశాల వెనక చక్రాల కార్ల వాళ్లు ఇచ్చే సలహాలు మనకి అట్లాగే అతకవు.

ఆటోనగర్_స్పానర్ (నెల్లూరు)

పై లెక్కకి ఒక హద్దు కలపాలి. టైరు పట్టు దాటిన టార్క్ రోడ్డుకి దిగదు, టైరు జారిపోతుంది. గట్టిగా లాగేటప్పుడు ముందు యాక్సిల్ మీద 600 కిలోలు, పట్టు 0.9, చక్రం వ్యాసార్థం 0.3 మీటర్లు పెట్టుకోండి. 600 × 9.81 × 0.9 × 0.3, దాదాపు 1,600 న్యూటన్ మీటర్లు. పొడి రోడ్డు మీద నిలకడగా పడే గరిష్ఠం అదే. టార్క్ ఆర్మ్ దగ్గర 400 కిలోలు.

కాబట్టి రీమ్యాప్ వల్ల మొదటి గేర్లో ఆర్మ్ మీద గరిష్ఠ భారం పెద్దగా మారదు, టైరు ముందే వదిలేస్తుంది. తేడా కనిపించేది రెండో గేర్లో. అక్కడ మొత్తం రేషియో 10 చుట్టూ ఉంటే 175కి 1,750 వస్తుంది, అంటే టైరు పట్టు అంచు. రీమ్యాప్‌తో 220 దిగితే 2,200. కంపెనీ సెట్టింగులో అంచున నిలబడే గేరు ఇప్పుడు అంచు దాటి జారుతుంది. టైరు జారి మళ్లీ పట్టుకున్నప్పుడల్లా ఇంజిన్ వెనక్కి తిరిగి ముందుకి కొట్టుకుంటుంది. లోయర్ ఆర్మ్ బుష్ మెత్తబడి ఉంటే చక్రం కూడా దాంతో పాటు ముందు వెనకలకి ఆడుతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటే వచ్చేదే ఆ దడదడ. ఆ దెబ్బలు నేను లెక్కేసిన నిలకడ భారం కంటే బాగా ఎక్కువ. డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు పోయేది అక్కడే. మౌంటింగులు మార్చేదాకా దడదడ మొదలైతే వెంటనే కాలు తీసేయండి.

ఇంకోటి, మీ బండిలో ఉన్న డీక్యూ200 రకం డీఎస్‌జీ గేర్‌బాక్స్‌కి కంపెనీ ఇచ్చిన హద్దు 250 న్యూటన్ మీటర్లు. రీమ్యాప్ దాని దగ్గరికి పోయి ఉంటే మౌంటింగుల కంటే ముందు ఆలోచించాల్సింది క్లచ్‌ల గురించి.

పెన్నా_టీఎస్‌ఐ (నెల్లూరు)

అర్థమైంది అన్నా. మరి టార్క్ ఆర్మ్‌కి పాలీ వేయాలంటే షోర్ (గట్టిదనం అంకె) 70, 80, 95 అని మూడు రకాలు కనపడతుండాయి. 70కీ 80కీ అంత తేడా ఉంటుందా?

గుండ్లకమ్మ_టార్క్ (ఒంగోలు)

చాలా ఉంటుంది. షోర్ ఏ అనేది సూది ఎంత లోపలికి దిగిందన్న కొలత, గట్టిదనం దాంతో పాటు సమానంగా పెరగదు. రబ్బరుకి వాడే మామూలు సూత్రం ప్రకారం 50 షోర్‌కి సాగుడు గుణకం సుమారు 2.5 మెగాపాస్కల్, 60కి 3.6, 70కి 5.5, 80కి 9.3, 90కి 20 దాటుతుంది. పాలీకి అంకెలు కొంచెం అటూ ఇటూ అయినా వాలు అదే. 50 నించి 80కి పోతే నాలుగింతలకి దగ్గర. 80 నించి 90కి పోతే మళ్లీ రెట్టింపు. 95 అంటే రోడ్డు బండికి ఇనప ముక్క పెట్టినట్టే లెక్క.

ఇది సగం సంగతే. కంపెనీ బుష్ కోసి చూస్తే మధ్యలో ఖాళీలు కనిపిస్తాయి. ఐడ్లింగ్‌లో ఇంజిన్ ఆ ఖాళీలోనే మెత్తగా కదులుతుంది, గట్టిగా తొక్కినప్పుడే రబ్బరు మూతి గోడకి ఆని బిగుసుకుంటుంది. ఆ ఖాళీలో పెట్టే పాలీ ముక్క గట్టిదనం పెంచడంతో ఆగదు, మొదట్లో ఉండే ఆ మెత్తటి జాగా మొత్తాన్నీ తీసేస్తుంది. ఆటోమేటిక్‌లో డీ వేసి బ్రేకు మీద నిలబడితే ఆర్మ్ అప్పటికే కొంచెం లాగబడి ఉంటుంది గనక వణుకు అక్కడే ముందు తెలుస్తుంది.

నీ వాడకానికి 70 లోపు. 80 వేస్తే సిగ్నల్ దగ్గర ఇంట్లో వాళ్లు అడుగుతారు. రంగు చూసి కొనొద్దు, ఒక్కో కంపెనీ రంగుకి ఒక్కో గట్టిదనం. పవర్‌ఫ్లెక్స్ అయినా సూపర్‌ప్రో అయినా ఆ పార్ట్ నంబరుకి రాసిన షోర్ అంకె చూసి తీసుకో. అంకె చెప్పలేని ముక్కని కొనకు.

కొత్తపట్నం_హెర్ట్జ్ (ఒంగోలు)

వణుకు సంగతి అంకెల్లో చూస్తే పై మౌంటింగులు ఎందుకు ముట్టకూడదో తేలిపోతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక చుట్టుకి రెండు పేలుళ్లు. 750 ఆర్‌పీఎం అంటే సెకనుకి 25 దెబ్బలు, 25 హెర్ట్జ్. మౌంటింగుల మీద ఇంజిన్ సహజంగా ఊగే వేగం 10 హెర్ట్జ్ అనుకోండి. డ్యాంపింగ్ పక్కన పెడితే బాడీకి చేరే వణుకు 1 ÷ (2.5 × 2.5 − 1), అంటే ఐదో వంతు కూడా లేదు. ఇప్పుడు మౌంటింగులు నాలుగింతలు గట్టివి వేశారు. ఊగే వేగం రెట్టింపై 20 హెర్ట్జ్ అవుతుంది. 25 ÷ 20 = 1.25. లెక్క మళ్లీ వేస్తే 1.8 వస్తుంది. తగ్గడం పోయి ఇంజిన్‌లో ఉన్న వణుకు కంటే ఎక్కువ సీటుకి చేరుతోందన్న మాట. దెబ్బల వేగం ఊగే వేగానికి 1.41 రెట్లు దాటితేనే మౌంటింగ్ వణుకుని ఆపగలదు.

ఐడ్లింగ్ 850కి లేస్తే 28 హెర్ట్జ్, అప్పుడు వణుకు సరిగ్గా ఉన్నంత చేరుతుంది, పెరగదు. గట్టి మౌంటింగులు వేసినవాళ్లు ఐడ్లింగ్ వంద పెంచితే తగ్గింది అనడానికి కారణం ఇదే.

ఇక టైమింగ్ వైపు ఉన్నది నూనె మౌంటింగ్ అయితే, లోపల గ్లైకాల్ ద్రవం సన్నటి దారిలో అటూ ఇటూ పోతూ గతుకుల మీద ఇంజిన్ ఎగురుడుని ఆపుతుంది, ఐడ్లింగ్ చిన్న వణుకుకి మాత్రం మెత్తగా ఉంటుంది. రెండు రకాల గుణం ఒకే ముక్కలో పాలీ ఇవ్వలేదు. అందుకని దాని స్థానంలో కొత్త కంపెనీ మౌంటింగ్ వేయడమే రోడ్డు బండికి మంచి అప్‌గ్రేడ్ అని నా గట్టి అభిప్రాయం.

సింగరాయకొండ_ఎన్‌లైన్

ఐ20 ఎన్ లైన్ 1.0 టర్బో, మూడు సిలిండర్లు. ఇదే సలహా దీనికీ వర్తిస్తుందా?

కొత్తపట్నం_హెర్ట్జ్ (ఒంగోలు)

మీకు ఇంకా జాగ్రత్త కావాలి. మూడు సిలిండర్లకి చుట్టుకి ఒకటిన్నర పేలుళ్లు, 800 ఆర్‌పీఎంకి 20 హెర్ట్జే. పైన చెప్పిన 1.41 హద్దుకి నాలుగు సిలిండర్ల కంటే దగ్గరగా ఉన్నారు. దానికి తోడు మూడు సిలిండర్ల క్రాంక్‌కి రెండు కొసలూ ఒకదానికొకటి ఎదురుగా ఊగే గుణం పుట్టుకతోనే ఉంది. బండికి లక్షణాలు ఏమీ లేకపోతే మౌంటింగులు వదిలేయండి. టార్క్ ఆర్మ్ రబ్బరు చీలితే కంపెనీదే కొత్తది.

ఆటోనగర్_స్పానర్ (నెల్లూరు)

ఏదీ ఆర్డరు పెట్టకముందు, ఏది పోయిందో తేల్చుకోండి. బానెట్ తెరిచి లోపల ఒకరు బ్రేకు గట్టిగా తొక్కి, హ్యాండ్ బ్రేకు వేసి, డీ నించి ఆర్‌కి, ఆర్ నించి డీకి మార్చాలి. చూసేవాళ్లు బండి పక్కన నిలబడాలి, ముందర గానీ వెనక గానీ కాదు. ఇంజిన్ కొంచెం ఒరగడం మామూలే. ఒరిగి ఆగేచోట టక్‌మని తగిలితే రబ్బరు అయిపోయి ఇనుము ఇనుముని తాకుతోంది. డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటు అరిగినా ఇట్టాంటి శబ్దమే వస్తుంది, అందుకని షాఫ్ట్‌ని చేత్తో తిప్పి సందు చూడండి.

లిఫ్ట్ మీద టార్క్ ఆర్మ్ దగ్గర టైర్ లివర్ పెట్టి మెల్లగా ఎత్తితే రబ్బరు చీలిక నోరు తెరుస్తుంది. పైపై గీతలు పట్టించుకోవద్దు, లోపలి ఇనప గొట్టం దగ్గర రబ్బరు అంటు వదిలిందా అన్నదే ముఖ్యం. నూనె మౌంటింగ్ కింద నల్లగా జిడ్డు కారిన మరక ఉందంటే ద్రవం పోయినట్టే. ద్రవం పోయిన మౌంటింగ్ కుంగుతుంది, ఇంజిన్ ఒక పక్కకి వాలి టార్క్ ఆర్మ్ మామూలు స్థానం తప్పుతుంది. అప్పుడు కొత్త ఆర్మ్ వేసినా అది వేసిన రోజు నించే లాగబడి ఉంటుంది. పైది పోయి ఉంటే పైది ముందు, కిందది తర్వాత.

డీఎస్‌జీ బండి కాబట్టి ఇంకోటి చూసుకోవాలి. మెల్లగా కదిలేటప్పుడు, ట్రాఫిక్‌లో రెండో గేరు నించి ఒకటికి దిగేటప్పుడు గజగజమంటే, కదలిక అందుకున్నాక పోతుంటే, అది పొడి క్లచ్‌ల పని. మౌంటింగులు ఎన్ని మార్చినా పోదు. నిలబడి ఉన్నప్పుడు డీలో వణికి న్యూట్రల్‌లో తగ్గితే మౌంటింగ్. రెండింట్లోనూ ఒకేలా వణికితే ప్లగ్గులు, కాయిల్, ఇంజెక్టర్ చూడండి.

బ్రేకులో ఎడం పక్కకి లాగడం మాత్రం మౌంటింగ్ కాదు. మొదట కొంత దూరం నడిపి రెండు ముందు డిస్కుల వేడి పోల్చండి, ముట్టుకోకుండా, వేడి కొలిచే గన్నుతో. ఒకటి బాగా ఎక్కువ వేడిగా ఉంటే కాలిపర్ పిన్ను బిగిసింది. రెండూ సమానంగా ఉంటే లోయర్ ఆర్మ్ వెనక బుష్. బ్రేకు పట్టగానే ఆ పక్క చక్రం వెనక్కి జరిగి టో (చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగిన కోణం) మారిపోతుంది.

కావలి_లేత్

కంపెనీ టార్క్ ఆర్మ్ రబ్బరు చీలకుండా మెత్తబడి మాత్రమే ఉంటే ఇంకో దారి ఉండాది. అద్దాలు అంటించే పాలీయూరథేన్ సీలెంట్‌తో ఆ ఖాళీలు నింపడం. అది ఎండాక దాదాపు రబ్బరంత గట్టిగా ఉంటుంది, 80 షోర్ పాలీ అంత కటువు కాదు. పని సులువే గానీ తొందరపడితే చెడిపోతుంది.

ఆర్మ్ విప్పి, బ్రేక్ క్లీనర్‌తో కడిగి, నూనె జిడ్డు లేకుండా పూర్తిగా ఆరబెట్టాలి. జిడ్డు ఉంటే సీలెంట్ అంటదు, కొన్నాళ్లకి ముద్దగా ఊడొస్తుంది. ఒక పక్క టేపు వేసి మూసి, గన్నుతో అడుగు నించి పైకి గాలి బుడగ లేకుండా నింపాలి. ఈ సీలెంట్ గాలిలో తేమ తీసుకుని ఆరుతుంది, మొదటి రోజుకి 3, 4 మిల్లీమీటర్ల లోతు దాకానే. అందుకని ఒకేసారి మందంగా పోయొద్దు. సగం పోసి ఆరనిచ్చి, మిగతా సగం పోయాలి. మన కోస్తా గాలిలో తేమకి లోటు లేదు, అయినా మొత్తం ఒక వారం పక్కన పెట్టాకే బండికి ఎక్కించండి. పైకి గట్టిగా తగిలినా లోపల పచ్చిగా ఉంటే మొదటి తొక్కుడికే పిండిలా బయటికొస్తుంది.

నూనె మౌంటింగ్‌కి మాత్రం ఈ పని ఎవరు చెప్పినా చేయొద్దు. చీలిన రబ్బరుకి కూడా వద్దు, చీలిక సీలెంట్ వెనక పెరుగుతూనే ఉంటుంది.

పెన్నా_టీఎస్‌ఐ (నెల్లూరు)

లిఫ్ట్ మీద చూపించినా. టార్క్ ఆర్మ్ పెద్ద బుష్ గొట్టం దగ్గర అంటు వదిలింది. టైమింగ్ వైపు మౌంటింగ్ కింద జిడ్డు మరక. గేర్‌బాక్స్ మౌంటింగ్ బాగుంది. డిస్కుల వేడి రెండు పక్కలా సమానం, ఎడం లోయర్ ఆర్మ్ వెనక బుష్ చీలింది. బిగించే వరుస చెప్పండన్నా.

ఆటోనగర్_స్పానర్ (నెల్లూరు)

విడిభాగాలు ఛాసిస్ నంబరుతో ఆర్డరు పెట్టండి. ఒకే పేరున్న బండికి ఇంజిన్, గేర్‌బాక్స్, ఏడాదిని బట్టి మౌంటింగ్ మారుతుంది. బోల్టులు కూడా కొత్తవి రాయించండి. న్యూటన్ మీటర్లు బిగించి పైన ఇన్ని డిగ్రీలు అని మాన్యువల్‌లో ఉన్న బోల్టు సాగి బిగుస్తుంది, రెండోసారి వాడేది కాదు.

పై మౌంటింగ్: ఇంజిన్ సంప్ (అడుగున ఉండే ఆయిల్ తొట్టి) కింద చెక్క పలక పెట్టి జాకీతో బరువు అందుకునేంత వరకే ఎత్తండి. పలక లేకుండా జాకీ పెడితే సంప్ సొట్టపోతుంది. పాత మౌంటింగ్ విప్పేముందు దాని బోల్టు తలల చుట్టూ పెయింట్ పెన్నుతో గీత గీయండి. ఇంజిన్ ఎడమకుడిలు ఆ గీతలే చెప్తాయి. కొత్తది వేసి బోల్టులు చేత్తో తిప్పినంత తిప్పి వదిలేయండి.

తర్వాత కింద టార్క్ ఆర్మ్. అండర్ ట్రే తీసి, గేర్‌బాక్స్ కింద కూడా పలకతో ఆనిక పెట్టండి. ఆర్మ్ విప్పితే ఇంజిన్ కింద పడదు గానీ వెనక్కో ముందుకో ఊగి పైపుల్ని, ఎగ్జాస్ట్ బెల్లోస్‌ని లాగుతుంది. కొత్త ఆర్మ్, పాలీ ముక్క వేసేదుంటే దానికి ఇచ్చిన గ్రీజు రాసి, బోల్టులన్నీ చేత్తోనే పట్టించండి.

ఇప్పుడు జాకీలు దించేసి, ఇంజిన్‌ని చేత్తో ముందుకీ వెనక్కీ నాలుగైదు సార్లు ఊపి వదలండి. అది తనంతట తాను ఎక్కడ నిలబడితే అక్కడే బిగించాలి. గీతలతో సరిచూసి, పై మౌంటింగ్ ముందు, ఆర్మ్ చివర, టార్క్ రెంచ్‌తో, డిగ్రీల గేజ్‌తో. ఇంపాక్ట్ గన్నుతో ముగించే మెకానిక్ అయితే ఆ ఒక్క పని మీరు దగ్గరుండి చేయించుకోండి. కొత్త మౌంటింగులు వేసినా వణుకు వచ్చిందనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇంజిన్‌ని లాగి పట్టి బిగించినవే. బోల్టులు వదులు చేసి మళ్లీ ఊపి బిగిస్తే పోతాయి.

గుండ్లకమ్మ_టార్క్ (ఒంగోలు)

ఆర్మ్ కొత్తదే వేస్తున్నావు గనక ముందు పాలీ లేకుండా నడిపి చూడు. కొత్త రబ్బరుతోనే సగానికి పైగా తేడా తెలుస్తుంది. రెండో గేర్లో దడదడ ఇంకా మిగిలితే 70 షోర్ ముక్క పెట్టడం ఎంతసేపు పని? ముక్క పెట్టిన కొత్తలో ఉండే వణుకు 500 నించి 1,000 కిలోమీటర్లలో కొంత సర్దుకుంటుంది. అప్పటికీ సర్దుకోకపోతే తీసేయడమే.

కావలి_లేత్

లోయర్ ఆర్మ్ బుష్‌ల సంగతి. ఎడమది చీలితే కుడిది కూడా అదే వయసుది, రెండు పక్కలా మార్చండి. బుష్ విడిగా దొరక్కపోతే ఆర్మ్ మొత్తం వస్తుంది, ప్రెస్సింగ్ బాధ ఉండదు. విడిగా దొరికితే పాతదాన్ని కాల్చి తీయనీయొద్దు. పొగ మంచిది కాదు, బాల్ జాయింట్ బూటు వేడికి పోతుంది. ప్రెస్ మీద, షెల్ (బుష్ బయటి ఇనప గొట్టం) అంచుకి మాత్రమే ఆనే డ్రిఫ్ట్ (నెట్టే ఇనప దిమ్మ) పెట్టి నెట్టాలి. కొత్త బుష్ షెల్ బయటి కొలత, ఆర్మ్ రంధ్రం లోపలి కొలత వెర్నియర్‌తో చూసుకోండి. చేత్తో నెడితే దిగిపోయే బుష్ పనికిరాదు. ఖాళీలున్న బుష్ అయితే తీసేముందు ఏ ఖాళీ ఎటు చూస్తోందో ఆర్మ్ మీద గీత గీసుకోండి. తొంభై డిగ్రీలు తిప్పి దించితే మెత్తగా ఉండాల్సిన దిక్కు గట్టిపడి, గట్టిగా ఉండాల్సినది మెత్తబడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం ఇది. కంపెనీ బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి షెల్‌కీ అతికి ఉంటుంది, తిరగదు, మెలిపడుతుంది. లిఫ్ట్ మీద చక్రం వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, బండి కిందికి దించగానే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. అట్లా బిగించినవి చాలా త్వరగా చీలుతాయి. లిఫ్ట్ ఎక్కకముందే, నేల మీద, చక్రం మధ్య నించి ఫెండర్ అంచు దాకా కొలిచి రాసుకోండి. బిగించేటప్పుడు ఆర్మ్ కొసన జాకీ పెట్టి అదే కొలత వచ్చేదాకా ఎత్తి, అప్పుడు చివరి బిగింపు.

పాలీ బుష్ గొట్టం చుట్టూ తిరుగుతుంది, దానికి ఈ నియమం లేదు. కానీ గ్రీజు కావాలి, సిలికాన్ గానీ కంపెనీ ఇచ్చింది గానీ. మామూలు పెట్రోలియం గ్రీజు పక్కనున్న రబ్బరు బూట్లని ఉబ్బిస్తుంది. గ్రీజు ఎండితే కీచుమని అరుస్తుంది.

గుండ్లకమ్మ_టార్క్ (ఒంగోలు)

లోయర్ ఆర్మ్‌కి పాలీ ఒక్కటే దారి అనుకోవద్దు. ఖాళీలు లేకుండా నిండు రబ్బరుతో చేసిన బుష్‌లు ఉన్నాయి, మైలే హెచ్‌డీ లాంటివి. బ్రేకులో చక్రం వెనక్కి జరగడం తగ్గుతుంది, గతుకు శబ్దం పాలీ అంత రాదు. నీ బండికి దొరికితే నా ఓటు దానికే. చీమకుర్తి దారిలో గ్రానైట్ లారీలు తవ్విన గుంతల మీద రోజూ తిరిగే బండికి 80 షోర్ పాలీ వేస్తే ఆ దెబ్బ బుష్‌లో ఆగకుండా సబ్‌ఫ్రేమ్‌కి పోతుంది.

వెనక బీమ్ బుష్‌లు మాత్రం ముట్టకు. అవి కొంచెం ఏటవాలుగా అమర్చి ఉంటాయి. మలుపులో పక్క బలానికి వెనక చక్రాలు బయటికి తిరగకుండా ఆ వాలు సరిచేస్తుంది. అన్ని దిక్కులా ఒకే గట్టిదనం ఉన్న పాలీ పెడితే ఆ సవరణ పోతుంది. చీలితే కంపెనీవే.

మైపాడు_వీఆర్‌ఎస్ (నెల్లూరు)

ఆక్టావియా వీఆర్‌ఎస్ 230. డాగ్ బోన్ ముక్క పెట్టి, దాంతో పాటు బిల్లెట్ (నిండు దిమ్మ నించి చెక్కిన) అల్యూమినియం ఆర్మ్ కూడా వేయవచ్చా?

గుండ్లకమ్మ_టార్క్ (ఒంగోలు)

రెండూ ఒకేసారి వద్దు. మీది 350 న్యూటన్ మీటర్లు, ముక్క పెట్టడానికి కారణం ఉంది. అది పెట్టాక ఆర్మ్ రెండో కొసన కంపెనీ రబ్బరు మిగిలి ఉండాలి, ఐడ్లింగ్ వణుకుని కొంతైనా మింగేది అదే. బిల్లెట్ ఆర్మ్‌తో రెండు కొసలూ పాలీ అయితే క్యాబిన్‌లో గేర్‌బాక్స్ ఊళ కూడా వినిపిస్తుంది.

కొత్తపట్నం_హెర్ట్జ్ (ఒంగోలు)

సముద్రం పక్క ఊళ్ల వాళ్లకి ఒక మాట. పాలీయూరథేన్‌లో పాలీఎస్టర్ రకం, పాలీఈథర్ రకం అని రెండున్నాయి. ఎస్టర్ రకం రాపిడికీ నూనెకీ బాగా తట్టుకుంటుంది, కానీ వేడి తేమలో ఏళ్ల తరబడి ఉంటే దాని గొలుసులు నీటికి తెగిపోయి పగిలి పొడిపొడిగా రాలుతుంది. ఈథర్ రకానికి తేమ బాధ తక్కువ. అమ్మేవాళ్లని అడగండి. పేరు లేని పోత ముక్కలకి ఈ సమాధానం ఎవరూ ఇవ్వలేరు, అవి కొనకపోవడానికి అది చాలు.

వేడి కూడా చూసుకోవాలి. టార్క్ ఆర్మ్ ఎగ్జాస్ట్ పైపుకి దగ్గర. డౌన్ పైపు మార్చినవాళ్లు హీట్ షీల్డ్ తీసి పక్కన పడేస్తే రబ్బరైనా పాలీ అయినా త్వరగా పోతుంది. ఉప్పు గాలికి సబ్‌ఫ్రేమ్ బోల్టులు తుప్పుతో బిగుసుకుంటాయి, విప్పే ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచండి.

ఆటోనగర్_స్పానర్ (నెల్లూరు)

రబ్బరు భాగాలు కొనేటప్పుడు పోతలో ఉండే గుండ్రటి తేదీ ముద్ర వెతకండి. మధ్యలో ఏడాది, బాణం నెల వైపు. షాపులో ఏళ్లు మూలుగుతూ గట్టిపడిన రబ్బరు కొత్త డబ్బాలో ఉన్నా పాతదే. లెమ్‌ఫోర్డర్, కోర్టెకో లాంటివి చెన్నై నించి తెప్పించుకున్నా, చెన్నై పుదుపేట పాత సామాన్ల బజారులో విప్పిన బండి మౌంటింగ్ మాత్రం తీసుకోవద్దు. అది మీ పాతదాని వయసుదే అయి ఉంటుంది.

పెన్నా_టీఎస్‌ఐ (నెల్లూరు)

అయితే టైమింగ్ వైపు మౌంటింగ్ కంపెనీది, టార్క్ ఆర్మ్ కంపెనీది, లోయర్ ఆర్మ్ వెనక బుష్‌లు నిండు రబ్బరువి రెండు పక్కలా, బోల్టులన్నీ కొత్తవి. పాలీ ముక్క ఇప్పుడు కాదు. అలైన్‌మెంట్ ఎప్పుడు చేయించాలన్నా?

ఆటోనగర్_స్పానర్ (నెల్లూరు)

బుష్‌లు వేసిన రోజే ఒకసారి, టో సరిచేయడానికి. పనిలో సబ్‌ఫ్రేమ్ దించాల్సి వస్తే దాని చుట్టూ కూడా గీత గీయించండి. బోల్టు రంధ్రాల్లో ఉన్న ఆటకి సబ్‌ఫ్రేమ్ ఒక పక్కకి జరిగితే ఎడమ, కుడి క్యాంబర్ (చక్రం నిలువు నించి ఒరిగిన కోణం) తేడా వస్తుంది. అలైన్‌మెంట్ కాగితం మీద రెండు పక్కల క్యాంబర్ ఒకేలా లేకపోతే టో తిప్పి స్టీరింగు నిలబెట్టేశామంటారు, ఒప్పుకోవద్దు, సబ్‌ఫ్రేమ్ వదులు చేసి జరపమనండి. 1,000 కిలోమీటర్లు నడిచాక టో ఇంకోసారి చూపించి, మౌంటింగ్ బోల్టుల మీద పెయింట్ గీతలు కదిలాయేమో చూడండి. డిగ్రీలతో బిగించిన బోల్టుని మళ్లీ రెంచ్ పెట్టి బిగించొద్దు. గీత కదిలితే బోల్టు మార్చడమే.